మూతలు

నా భార్య పేరు వైకే.
మా ద్వీపపు మాటలో నెమ్మది అని అర్థం.
పేరు పెట్టినవాళ్ళు ఆమె వేళ్ళను చూడలేదు.

పొద్దున ఆరింటికి ఆ కణుపులు
ఉడికించిన దుంపల్లా ఎర్రగా, వేడిగా.
దుప్పటి అంచు తగిలినా ఒళ్ళు మండిపోతుంది.
పిడికిలి ముడుచుకోవడానికి గంటన్నర.
అప్పటికి నేను రేవులో ఉంటాను,
కుయివాస్తు ఓడ మీదికి లారీలు ఎక్కిస్తూ,
చేతులూపుతూ: ఇటు, ఇటు, ఇంకొంచెం, ఆగు.

ముప్పై ఏళ్ళు పొగబెట్టిన చేపలమ్మింది.
మంచునీళ్ళలో నాలుక చేపల పొట్టలు చీల్చింది.
వేళ్ళ సంగతి అందువల్లే అనుకున్నాం.
మాట్లాడకపోవడం సంగతి వేరు అనుకున్నాం.
ఆమె గోడవైపు తిరిగి పడుకుంటే
కీళ్ళు నొచ్చాయో
నా మాటకు నొచ్చుకుందో
తెలిసేది కాదు.
అడిగితే రెండూ కాదనేది.

కురెస్సారేలో ఆస్పత్రి ఆమెను రెండుగా కోసింది.
మంగళవారం కీళ్ళ డాక్టరు, కింది అంతస్తు.
గురువారం మనసు డాక్టరు, వీధి దాటి, బేకరీ పైన.
రెండు ఫైళ్ళు. రెండు రంగుల మాత్రలు.
ఒకరి రాత మరొకరు చదవరు.
మంచు పేరుకున్న ఆ వీధిని
మోచెయ్యి పట్టుకుని దాటించేవాణ్ణి,
మణికట్టు తాకనిచ్చేది కాదు గనక.
ఆ ఇద్దరి మధ్యా ఉన్న దారి నేనొక్కణ్ణే అని
అప్పుడు తోచలేదు.

పోయిన ఫిబ్రవరిలో కొత్త డాక్టరు వచ్చింది
టార్టు నుంచి. ఐలి తమ్మిక్. చిన్నపిల్ల.
కణుపులు ఒక్కొక్కటే నొక్కుతూ
చెయ్యి తియ్యకుండానే అడిగింది:
"చివరిసారి దేనికి నవ్వారు?"
వైకే కిటికీ వైపు చూసింది.
చాలాసేపు.
బయట ఎవరో కారు అద్దం మీద మంచు గీకుతున్నారు.

తరవాత చెప్పింది. నాతో కాదు, ఆమెతో.
"ముందు కాఫీ రుచి పోతుంది.
మా రేడియో పక్కింట్లో మోగుతున్నట్టుంటుంది.
బతకడం ఎందుకని కాదు, లేవడం ఎందుకని.
మూడో రోజుకి వేళ్ళు వాస్తాయి.
నొప్పికి ఏడవను డాక్టర్.
నొప్పి వచ్చేసరికి ఏడుపు పాతబడి ఉంటుంది."

ఇరవై రెండేళ్ళుగా నేను
లెక్క తలకిందులుగా వేస్తున్నాను.

ఆ పిల్ల మాకు విడమర్చి చెప్పబోయింది.
ఒంటికి కాపలా కాసే దళం
శత్రువు లేకపోయినా కాల్పులు ఆపదట,
ఆ సెగ నెత్తుట్లో కలిసి తలదాకా పోతుందట,
కొందరిలో. అందరిలో కాదు.
ఎవరిలో ఏది ముందో, ఏది వెనకో
తమకే ఇంకా పూర్తిగా తెలియదట.
తెలియదన్న మాట విని
వైకే మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

మాకా చెప్పడం!
పెరట్లో పొగగదిలో కట్టె రగిలిస్తే
చేపలకే పట్టి ఊరుకుంటుందా?
ఆరేసిన దుప్పట్లకి, నా టోపీకి,
మా ఊనో బడి పుస్తకాలకి,
వాడు ఊరు వదిలాక కూడా
వాడు రాసిన ఉత్తరాలు దాచిన డబ్బాకి.

ఇప్పుడు ఒకటే ఫైలు. మందు మారింది.
బాగైందని చెప్పను.
మార్చిలో పదకొండు రోజులు మాట లేదు.
వంటింటి క్యాలెండరులో రెండు గీతలు గీస్తాను,
వేళ్ళకి నీలం, కాఫీకి నలుపు.
పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాల్లా
కొంచెం ఎడంగా
ఒకే దారిన పోతున్నాయవి.

పనికి పోయే ముందు
అలమారలో సీసాలన్నిటి మూతలూ
అర చుట్టు వదులు చేసి పోతాను.
దోసకాయల ఊరగాయ, స్ట్రాబెర్రీ జాము, ఆవముద్ద, కాఫీ.
నేను చెప్పలేదు. ఆమె అడగలేదు.

నిన్న ఆఖరి ఓడ పంపించి ఇంటికొచ్చి
చీకట్లోనే కాఫీ సీసా తియ్యబోయాను.
రాలేదు.
టోపీతో పట్టి తిప్పినా రాలేదు.

"వేణ్ణీళ్ళలో పెట్టు, వస్తుంది"
అంది లోపలి గదిలోంచి వైకే.